స్వర్ణలత టీచర్ కొన్న సింథసైజర్

స్వర్ణలతకు ఆఖరి కీమో అయిపోయిన రోజున ఆమె భర్త సదాశివ ఆసుపత్రి వార్డులో అందరికీ పాలకోవా పంచాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. స్వర్ణలత కూడా నవ్వింది. అందరూ తన వైపే చూస్తున్నారు కాబట్టి నవ్వింది. లోపల మాత్రం సంతోషమూ లేదు, బాధా లేదు. ఇంటికి వస్తుంటే కారు అద్దం అవతల బస్సులు, దుకాణాలు, సిగ్నల్ దగ్గర పూలమ్మే ఆమె, అన్నీ ఎవరి ఊళ్లోనో ఉన్నట్టు కనిపించాయి.

తిరుమలగిరిలో స్వర్ణలత అంటే పియానో టీచర్. ఆమె తండ్రి మిలిటరీ స్టోర్స్‌లో గుమాస్తాగా పనిచేసేవాడు. పక్క సందులో రోసమ్మ టీచర్ ఉండేది. చర్చిలో ఆర్గన్ వాయించే రోసమ్మ చిన్నప్పటి నుంచే స్వర్ణలతను కూర్చోబెట్టుకుని నేర్పింది. ముసలితనంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన పియానోను శిష్యురాలికే ఇచ్చి వెళ్లింది. ఆ పియానో మీద కంటోన్మెంటు పిల్లలు ఎంతమంది నేర్చుకున్నారో స్వర్ణలతకే గుర్తు లేదు. ఆఫీసర్ల బదిలీలు అయ్యేకొద్దీ పిల్లలు మారేవాళ్లు. పియానో అక్కడే ఉండేది, ఆమె అక్కడే ఉండేది.

వేళ్ల సంగతి చికిత్స మధ్యలోనే మొదలైంది. మొదట చీమలు పాకినట్టుండేది. తరువాత చీమలు కూడా పోయాయి. ఎప్పుడూ మందపాటి రబ్బరు తొడుగులు వేసుకున్నట్టు ఉండేది. ఒక పొద్దున చపాతీ తిప్పుతుంటే పెనం అంచు తగిలి చూపుడువేలు కాలింది. వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు.

"మందు నరాలను దెబ్బతీసింది" అన్నాడు డాక్టరు. "చాలామందికి మెల్లగా తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. మీకు ఎట్లా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను."

ఇంటికి వచ్చి ఆమె పియానో ముందు కూర్చుంది. చిన్నపిల్లలకు మొదటి వారం నేర్పే సరళి మొదలుపెట్టింది. మీట కిందికి దిగిందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియలేదు. మెల్లగా నొక్కితే కొన్ని స్వరాలు మోగనే లేదు. బలం పెట్టి నొక్కితే పక్కింటి కుక్క మొరిగింది. సరళి మధ్యలో పళ్లూడిన నోరులా ఉంది. ఆమె మూత వేసింది. పిల్లలను సైనిక్‌పురిలో ఇంకో టీచర్ దగ్గరికి పంపించింది. కొద్ది రోజులకు పియానో మీద ఉతికిన బట్టల మడతలు చేరాయి. వాటిని ఎవరూ తీయలేదు.

సదాశివకు బోయిన్‌పల్లిలో ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం ఉంది. సంగీతం ఆయనకు పట్టదు. కాని మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉండటం ఆయనకు పడటం లేదు.

"లతా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు" అన్నాడు ఒకరోజు. "పియానో మీటలు బరువుంటయి గదా. సింథసైజర్‌వి అల్కగుంటయట. మా షాపుకొచ్చే బ్యాండాయన చెప్పిండు. జెర చూసొద్దామా?"

"చూసి ఏం చేస్తం?"

"చూస్తే పోయేదేముంది? ముప్పై వేల దాక పెట్టగలం. దవాఖాన ఖర్చులైనంక అంతకు మించి ఇప్పట్ల కాదు."

వద్దనాలంటే ఏదో కారణం చెప్పాలి. కారణం వెతికే ఓపిక లేక ఆమె సరేనంది.

సికింద్రాబాద్‌లో వాళ్లు వెళ్లిన దుకాణంలో రిచర్డ్ అనే సేల్స్‌మన్ ఉన్నాడు. ఆమె పియానో టీచర్ అని తెలియగానే కుర్చీ తెచ్చి వేశాడు.

"పియానో ప్లేయర్ అంటే మీకు ఎనభై ఎనిమిది కీస్ ఉండాలె మేడం. మీటలు సుత పియానో లెక్కనే బరువుండాలె. లేకపోతే చెయ్యి పాడైతది" అని పొడవాటి డిజిటల్ పియానో చూపించాడు.

ఆమె వాయించింది. ఇంట్లో జరిగినట్టే ఇక్కడా జరిగింది. స్వరాలు మోగకపోతే రిచర్డ్ సౌండు తక్కువైందనుకుని పెంచాడు. తరువాతి స్వరం దుకాణమంతా అదిరేలా మోగింది. గిటార్ తీగలు కొంటున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. స్వర్ణలతకు సిగ్గు కూడా వేయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రెండోది తాళాలు, డప్పులు అన్నీ తనే వాయించుకునే కీబోర్డు. రిచర్డ్ ఒక బటన్ నొక్కగానే పెళ్లి ఊరేగింపు షురూ అయినట్టయింది. సదాశివ ముఖం వెలిగిపోయింది.

"ఇగ చూడు! బ్యాండ్ మొత్తం ఇండ్లనే ఉంది. ఒక్క వేలు పెడితే సాలు!"

ఊరేగింపు ఆగేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది. తరువాత తల అడ్డంగా ఊపింది.

అద్దాల కౌంటర్ మీద ఇంకొకటి ఉంది. చిన్నది, నల్లది, దాని నిండా తిప్పే నాబ్‌లు. ఆమె అదేమిటని అడిగింది.

"అసలు సింథసైజర్ అంటే అది మేడం. ఇందాక చూసినవి కీబోర్డులు. దీంట్ల పియానో సౌండ్ ఉండదు. సౌండ్ మనమే తయారు చేసుకోవాలె."

ఆమె ఎడమచేతి వేలితో అడుగు మీట ఒకటి నొక్కింది. పియానోలో తీగను కొట్టిన క్షణం నుంచే స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఎంత గట్టిగా కొట్టినా, పెడల్ ఎంతసేపు తొక్కినా అంతే. ఆమె వేళ్లు జీవితమంతా ఆరిపోయే స్వరాలకే అలవాటుపడ్డాయి. ఈ స్వరం ఆరిపోలేదు. వేలు ఉన్నంతసేపూ అలాగే నిలబడింది. ఆమె వేలు తీయలేదు. కౌంటర్ అద్దం సన్నగా వణికింది. ఆ వణుకు అద్దానికి ఆనించిన మోచేతిలోకి వచ్చింది. ఆమె చెయ్యి మొద్దుబారింది మణికట్టు దాకానే. మోచేతి ఎముకకు శబ్దం తెలిసింది.

రిచర్డ్ ఒక నాబ్ తిప్పాడు. గదిలో మూసి ఉన్న గొంతు వాకిట్లోకి వచ్చినట్టు స్వరం విచ్చుకుంది.

"గట్టిగ నొక్కినా మెల్లగ నొక్కినా ఒక్క తీరుగ మోగేటట్టు చెయ్యొచ్చా?" అని అడిగింది స్వర్ణలత.

"చెయ్యొచ్చు మేడం, సెట్టింగ్ ఉంటది. కాని పియానో వాళ్లు అది అడగరు. వాళ్లకు టచ్చే కావాలె."

ధర అడిగితే సదాశివ అనుకున్నదానికి రెట్టింపు పైనే ఉంది. మీటలు కూడా పిల్లల వేళ్లకు సరిపోయేంత సన్నగా ఉన్నాయి. ఇద్దరూ బయటికి వచ్చారు.

కారులో సదాశివ, "అంతసేపు ఒక్క మీటనే నొక్కి కూసున్నవ్. మంచిగనిపించిందా?" అని అడిగాడు.

"తెల్వదు" అంది. నిజంగానే తెలియదు.

సదాశివ ఊరుకోలేదు. మర్నాడు బ్యాండాయనకు ఫోన్ చేశాడు. ఆయన పేరు ఉదయ్ భాస్కర్. వాళ్ల నాన్న కాకినాడ నుంచి వ్యాపారం కోసం వచ్చి బోయిన్‌పల్లిలో స్థిరపడ్డాడు. ఉదయ్ భాస్కర్ పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాడు. ఆయన దగ్గర పాత సింథసైజర్ ఒకటి ఉంది. అమ్మేద్దామనుకుంటున్నాడు.

ఆదివారం వెళ్తే ఆయన దాన్ని తుడిచి భోజనాల బల్ల మీద పెట్టి ఉంచాడు. మీటలు మామూలు సైజువే, కాని నాలుగు సప్తకాలే ఉన్నాయి. ఒక నాబ్‌కు పైన టోపీ ఊడిపోయింది. సదాశివ దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"స్పీకర్ ఏది, అన్నా?"

"దీనికి స్పీకర్ ఉండదండి. ఆంప్లిఫయర్ గాని హెడ్‌ఫోన్స్ గాని పెట్టుకోవాలి."

"గిన్ని పైసలిచ్చి మూగదాన్ని కొనుడా!"

ఉదయ్ భాస్కర్ నవ్వి తన ఆంప్లిఫయర్‌కు వైరు తగిలించాడు. స్వర్ణలత కింది నుంచి పై దాకా ఒక్కొక్క మీటా నొక్కింది. ఒకటి టిక్కుమంటోంది గాని అన్నీ మోగుతున్నాయి. తరువాత రెండు చేతులూ చాచి నిండుగా ఒక్కసారి నొక్కింది. వినిపించినవి నాలుగు స్వరాలే.

"మిగతావి ఏమైనయి?"

"దీనికి నాలుగు గొంతులేనండి. ఐదోది నొక్కితే మొదటిది ఆగిపోతుంది. ముందే చెప్తున్నాను మేడం, పియానో వాయించేవాళ్లకి ఇది సరిపడదు. ఇదివరకు ఒకాయన పట్టుకెళ్లి వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చిచ్చారు. మళ్లీ మీరు ఇబ్బంది పడకూడదని."

స్వర్ణలత నాబ్‌ల వైపు చూస్తూ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నాకు వేళ్లు తెలుస్తలేవండి. క్యాన్సర్ మందులతోని అట్లయింది. పియానోల మెల్లగ వాయిద్దమంటె మోగదు, మోగిద్దమంటె పిడుగు పడ్డట్టయితది. బలంతోని సంబంధం లేకుంట మోగేటిది కావాలె నాకు. నాలుగు సప్తకాలైతేంది, మూడైతేంది?"

సొంత చెల్లెలికి కూడా ఆమె ఆ మాట ఇలా విప్పి చెప్పలేదు. సదాశివ కిటికీ దగ్గరికి వెళ్లి మార్కెట్ వైపు పోతున్న టమాటా లారీలను చూస్తూ నిలబడ్డాడు. ఉదయ్ భాస్కర్ అయ్యో అనలేదు. బల్ల దగ్గరికి వంగి, సెట్టింగు ఎక్కడుందో వెతికి, మీటల బలం పట్టించుకోకుండా చేశాడు.

"ఇప్పుడు వాయించి చూడండి."

రోసమ్మ టీచర్ నేర్పిన చర్చి పాటలన్నీ నాలుగు గొంతుల పాటలే. పైన ఇద్దరు ఆడవాళ్లు, కింద ఇద్దరు మగవాళ్లు పాడినట్టు నాలుగు వరసలు. స్వర్ణలత వాటిలో ఒకటి ఎత్తుకుంది. తడబడింది, రెండుచోట్ల తప్పు మీట పడింది. కాని వేసిన ప్రతి స్వరమూ మోగింది. ఒక్క పన్ను కూడా ఊడలేదు. పియానో లెక్కన చూస్తే అది ప్రాణం లేని వాయింపు. అన్నీ ఒకే ఎత్తు, మట్టం చేసిన నేలలా. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట ఆమె ఆగి, నాలుగు వరసల్నీ పట్టి ఉంచగలిగినంతసేపు పట్టి ఉంచింది. మధ్యలో కుడిచేయి తీసి, అరచేతి అంచుతో నాబ్‌ను తిప్పింది. స్వరం పెరిగింది. వెనక్కి తిప్పితే ఒదిగింది. హెచ్చుతగ్గులు వేళ్లలో ఉండనక్కర్లేదు, మణికట్టులోనూ ఉండొచ్చు. ఆమె ఇంకోసారి తిప్పి చూసుకుంది.

"ఇది తీసుకుంటం" అంది.

బేరం సదాశివ చేశాడు. అనుకున్న డబ్బులోపే తేలింది. ఉదయ్ భాస్కర్ తన పాత స్టాండు కూడా కారులో పెట్టించాడు.

వినాయక చవితికి మండపంలో పెట్టే ఆంప్లిఫయర్ ఒకటి సదాశివ దుకాణంలో ఉంది. దాన్ని తెచ్చి తగిలించాడు. స్వర్ణలత అడుగు స్వరం నొక్కగానే వంటింట్లో స్టీలు పళ్లేలు గలగలమన్నాయి. ఆయన పళ్లేల కింద పాత తువ్వాలు పరిచి వచ్చాడు.

ఆ తరువాత అద్భుతాలేమీ జరగలేదు. మధ్యాహ్నాలు ఆమె దాని ముందు కూర్చునేది. ఒక్కోరోజు ఒకే స్వరం పట్టుకుని నాబ్‌లు తిప్పుతూ ఉండిపోయేది. ఇష్టంగా కూర్చుంటున్నదో, కూర్చోవడం అలవాటైందో ఆమెకే తెలియదు. అన్నం తిన్నా, ఫోన్‌లో కూతురు నీహారికతో మాట్లాడినా అన్నీ దూరంగానే ఉన్నాయి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ముందు గదిలోంచి "ఛీ! దీని పాడుగాను!" అని అరుపు వినిపించింది. భోజనం చేస్తున్న సదాశివ ఎంగిలి చేత్తోనే పరుగెత్తి వచ్చాడు.

"ఏందీ? ఏమైంది?"

"ఏమైతది? సల్లగున్నప్పుడు మంచిగనే ఉంటది. ఎండ కాంగనే శృతి జారుతది! పొద్దుగాల సరిచేసిన, మళ్లా జారింది. ఎన్నిసార్లు చెయ్యాలె దీనికి? ఇట్ల జారుతదని ఆ బ్యాండాయన చెప్పనేలేదు!" ఆమె ముఖం ఎర్రబడింది. "మీరు సుత అడగలే!"

సదాశివ గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. ఆమె గొంతు పెంచి ఎన్నాళ్లయిందో ఆయనకు తెలుసు. వెళ్లి మళ్లీ పళ్లెం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది, ఎంతకీ నోటికి వెళ్లలేదు.

ఆ వానాకాలంలో పియానోను సైనిక్‌పురిలో ఒక కుటుంబానికి ఇచ్చేశారు. మనుషులు వచ్చి దుప్పట్లు చుట్టి మోసుకుపోతుంటే స్వర్ణలత ఏడుస్తుందేమోనని సదాశివ పక్కనే ఉన్నాడు. ఆమె ఏడవలేదు. దారికి అడ్డం వచ్చిన చెప్పుల స్టాండు పక్కకు జరిపింది, తలుపు కొట్టుకోకుండా పట్టుకుంది. వాళ్లు వెళ్లాక గది ఊడ్చింది. ఆ రాత్రి మామూలుగానే నిద్రపోయింది. ఆ బాధ ఎప్పుడైనా వస్తుందేమోనని కొన్నాళ్లు చూసింది. రాలేదు.

కుడిచేతి వేళ్లకు కొంత స్పర్శ తిరిగి వచ్చింది. ఎడమచేతిలో మాత్రం రాలేదు. ఇక రాదనే డాక్టరు ఉద్దేశం. ఇప్పుడు ఆమె దగ్గరికి ఇద్దరు విద్యార్థులు వస్తున్నారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే, సింథసైజర్ నేర్చుకుందామనే వచ్చారు. ఏది కొనాలని వాళ్లు అడిగితే ఆమె మోడల్ పేరు చెప్పదు. "ముందుగాల నీ చేతులకేం కావాలెనో చూసుకో" అంటుంది.

మొన్న స్కూల్లో పిల్లలచేత ప్రార్థన పాడించే ప్రేమమణి టీచర్ వచ్చి, వార్షికోత్సవానికి వాయించమని అడిగింది. మునుపు ఏటా స్వర్ణలతే వాళ్లకు పియానో వాయించేది.

"ఎక్కువ వాయించలేను" అంది స్వర్ణలత. "కింద ఒక్క స్వరం పట్టుకుంట. మీ పిల్లలు దాని మీద పాడుకోవాలె."

"అదే చాలు టీచర్, మీరు రండి" అంది ప్రేమమణి.

రిహార్సల్ రోజున సదాశివ ఆంప్లిఫయర్‌తో సహా అన్నీ మోసుకొచ్చి హాల్లో పెట్టి దుకాణానికి వెళ్లిపోయాడు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. స్వర్ణలత ఎడమచేతి వేలు మీట మీద పెట్టి, కళ్లతో చూసుకుని, నొక్కింది. చెక్క వేదిక సన్నగా గుంయ్‌మంది. పిల్లలు పాట అందుకున్నారు. గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ స్వరం మీద నిలిచాయి. ఆమె వాళ్ల ముఖాలు చూస్తూ ఉండిపోయింది.

పాట ముగిసింది. హాల్లో స్వరం మాత్రం మోగుతూనే ఉంది.

"టీచర్, అయిపోయింది" అంది ప్రేమమణి.

స్వర్ణలత కిందికి చూసింది. వేలు ఇంకా మీట మీదే ఉంది. తీసింది. పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేదాకా ఆగి, రెండో పాట ఏ శృతిలో పాడతారని ఆమె ప్రేమమణిని అడిగింది.