జేజి చేతి మీద ఓబులేసు

మా జేజి, అంటే మా నాయనమ్మ, ఎడమ చేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, ఓబులేసు అని పచ్చబొట్టు ఉంది. మా తాత పేరు నరసింహులు. జేజిని తీసుకొని అహోబిలం తిరునాళ్ళకు ఎందుకు పోయానో చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి.

పెళ్ళయిన ఏడాది, కొత్త కోడలిగా తిరునాళ్ళకు పోయినప్పుడు జేజి ఆ పచ్చ పొడిపించుకుంది. పొడిచే ఆమె మీ ఆయన పేరేమిటని అడిగితే జేజి చెప్పలేదు. మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం. అందుకని కొండ వైపు చెయ్యి చూపించి, ఆడుండే సామి పేరే అని చెప్పిందట. కొండ మీద ఉన్నది నరసింహస్వామి. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ని ఓబులేసు అని కూడా అంటారు. పొడిచే ఆమె చేతికి ఆ పేరే వచ్చింది. జేజికి చదువు రాదు. సాయంత్రం బండి దగ్గర, మూడో తరగతి దాకా చదివిన మా తాత ఆ చెయ్యి పట్టుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కొని, "ఎవురే ఈ ఓబులేసు?" అని అడిగాడట. సంగతి తెలిశాక ఊరు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడట. ఆ తర్వాత బంధువులు "ఓబులేసన్నా" అని పిలిస్తే పలికేవాడు కూడా.

ఈ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తాత పోయి ఆరేళ్ళయింది. పోయిన చలికాలం నుంచి జేజికి మతిమరుపు మొదలైంది. ఒకరోజు బీపీ చూడటానికి ఇంటికి వచ్చిన నర్సమ్మ ఆ చెయ్యి చూసి, "ఓబులేసు ఎవరవ్వా?" అని మామూలుగా అడిగింది. జేజి ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఆమె మనసులోంచి ఆ కథ ఒక్కటి జారిపోయింది. తాత గుర్తున్నాడు, తిరునాళ్ళు గుర్తున్నాయి. ఆ పేరు తన చేతి మీదకు ఎట్లా వచ్చిందో మాత్రం గుర్తు లేదు.

మేమంతా చెప్పాం. నమ్మలేదు. "నా మానం కాపాడనీకి అందురూ కూడబలుక్కోని ఒగే మాట చెప్తాండారు" అంది. ఆ రోజు నుంచి తాత పటం ఉన్న గదిలోకి పోవడం మానేసింది. పెట్టెలోంచి తాత పాత ఫుల్ చొక్కా ఒకటి తీసి రవిక మీద తొడుక్కుంది. గుండీలు మణికట్టు దాకా పెట్టుకొని తిరుగుతుంది, ఉక్కపోసినా తీయదు. పరాయి మగవాడి పేరు మోస్తున్నానన్న సిగ్గు ఎనభై ఏళ్ళ మనిషిని ఎట్లా తినేస్తుందో నేను నాలుగు నెలలు చూశాను. నాకు ఎవరితోనూ గట్టిగా వాదించడం రాదు. అందుకే డైరీలో ఒక వాక్యం రాసుకున్నాను: అది జరిగిన చోటికి తీసుకుపోతే గుర్తొస్తుందేమో.

రథం లాగే రోజు తొక్కిడి ఎక్కువని, దానికి రెండు రోజుల ముందు బయలుదేరాం. "ఆ జనంలో ముసలామెను యాడ పోగొడతావో" అని నాయన గొణిగాడు. జేజి మాత్రం తిరునాళ్ళ అనగానే చెప్పులు వేసుకుంది.

నంద్యాల బస్టాండులో ఆరుంబావుకు ఆళ్ళగడ్డ బస్సు. ఈ రోజుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఖర్చు లేదు గనుక బస్సులు నిండుగా పోతున్నాయి. పోదలచిన వాళ్ళు ఏడు లోపలే బయలుదేరడం మంచిది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మాకు డ్రైవరు వెనక మూడో వరుస దొరికింది. పక్కన ఒక నడివయసు ఆమె, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకొని కూర్చుంది. జేజి చొక్కా చూసి ఆమెకు నవ్వొచ్చింది.

"ఏందవ్వా, మిరపకాయలు కోయనీకి పోతాండావా? చొక్కా ఏసినావ్."

"చలి" అంది జేజి.

"ఫాల్గుణంలో చలా? నీ ఒంట్లో ఏమన్నా ఐసు పెట్టె ఉండాదేమో చూపిచ్చుకో."

జేజి నవ్వలేదు. కిటికీ వైపు తిరిగింది.

శిరివెళ్ల దాటాక జేజి తనంతట తానే మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పట్లో వాళ్ళ ఊరు ఈ పక్కనే. ఇక్కడి నుంచి బండ్లు కట్టుకొని పోయేవాళ్ళు. "ఒగ పగులు, ఒగ రేత్రి. పదకొండు బండ్లు. గూడు కట్టి, లోపల బోదగడ్డి పరిచి, దాని మింద మేము. జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి మూట. ముందర బండి ఎద్దులకు దావ తెలుసు, మా మామ నిద్రపోయినా అవి పోతాండె." వెనక బండిలో వాళ్ళు పాడితే ముందు బండి వాళ్ళు అందుకొనేవాళ్ళట. ఏం పాడేవాళ్ళని అడిగాను. "బూతులు" అంది, చాలా మామూలుగా.

ఇన్ని గుర్తున్నాయి. ఆ ఒక్కటి ఎందుకు లేదో.

నాకూ ఈ దారిలో గుర్తులున్నాయి. పన్నెండేళ్ళు వచ్చేదాకా ప్రతి తిరునాళ్ళకూ తాత, జేజి నన్ను తీసుకుపోయేవాళ్ళు. అప్పటికి బండ్లు పోయి బస్సులు వచ్చాయి. ఒకసారి రంకుల రాట్నం ఎక్కించారు. పైకి పోగానే నాకు భయమేసింది. దింపమని అడగడానికి సిగ్గుపడి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. రెండో చుట్టులో కింద నిలబడ్డ తాత నా ముఖం ఒక్కసారి చూశాడు, అంతే, రాట్నం ఆపించాడు. దిగాక నన్నేమీ అడగలేదు. బొరుగుల ఉండ ఒకటి కొని చేతిలో పెట్టాడు. అడగకుండానే అర్థం చేసుకొనే మనిషి ఇంట్లో ఉంటే పిల్లలు మాట్లాడటం నేర్చుకోరేమో.

పచ్చ పొడిచేవాళ్ళ వరస దగ్గరికి రాగానే ప్రతి ఏడూ తాత అదే మాట అనేవాడు. "పా మే, నా పేరు దిద్దిచ్చుకోని వస్తాం." జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. నేను ఆ నవ్వు కోసమే ఆ మాట కోసం ఎదురుచూసేదాన్ని.

ఏడు నలభైకి ఆళ్ళగడ్డ. బస్టాండు ఎదురుగా, నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఉగ్గాని వేడిగా ఉంది, నిమ్మకాయ పిండుకుంటే బాగుంది. వడ్డించిన అతను జేజికి బజ్జీ చీల్చి గింజలు తీసిపెట్టాడు. "తిరునాళ్ళకేనా? చెప్పులు యాడబడితే ఆడ ఇడ్సద్దండక్కా. వచ్చేటప్పటికి ఎవురివో మీకుంటాయి, మీవి ఎవురికో ఉంటాయి" అన్నాడు.

ప్రత్యేక బస్సు ఎనిమిదిన్నరకు దొరికింది. ఊరు దాటే దాకా రోడ్డు పక్కన రాతిపనివాళ్ళ పాకలు, ఉలి చప్పుడు. ముఖం ఇంకా చెక్కని విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఏ దేవుడు అవుతాడో ఇంకా తెలియని రాళ్ళు. జేజి చేతులు జోడించి అన్నిటికీ కలిపి ఒకే దండం పెట్టింది.

పది కావస్తుండగా దిగువ అహోబిలం చేరాం. నల్లమల కొండలు ఎదురుగా ఆకురాలి, బూడిద రంగులో ఉన్నాయి. దుకాణాలు బస్సులు ఆగే చోటి నుంచే మొదలయ్యాయి. గాజులు, ప్లాస్టిక్ తుపాకులు, కుంకుమ రాశులు, చెరకు రసం. ఇప్పటి రాట్నం కరెంటుది, మునుపటికి మూడింతలు ఎత్తు ఉంది. రేకు విమానంలో కూర్చోబెట్టి ఫోటో తీసే డేరా ఇప్పుడు లేదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇంక ఎవరు వస్తారు.

నేను జేజిని నేరుగా పచ్చబొట్ల వరస దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు సూదులు లేవు, బ్యాటరీ మిషన్లు గుయ్యిమంటున్నాయి. అట్టల మీద తేళ్ళు, గులాబీలు, గుండె బొమ్మలు అంటించారు.

"ఈడనే జేజీ. తాత ప్రతి ఏడూ ఈడనే..."

జేజి చుట్టూ చూసింది. చొక్కా చెయ్యి ఇంకా కిందికి లాక్కుంది. "ఏందీ ఈ జనం. ఇంటికి పోతాం పా, పాపా."

నా ఆలోచన అక్కడితో అయిపోయింది. పుస్తకాలు చదివి చదివి, మనుషుల జ్ఞాపకాలు కూడా పుట గుర్తుపెట్టుకొని తెరిస్తే దొరుకుతాయనుకున్నాను కాబోలు. ఆమెను ఇంత దూరం తెచ్చి, దేన్ని చూసి భయపడుతుందో దాని ముందే నిలబెట్టాను. జేజి కాళ్ళు నొప్పి అనడంతో ఆ వరస చివర ఒక డేరా నీడన రాతి మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించాను.

ఆ డేరాలో పచ్చ పొడిచే ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. బేరం లేక విసనకర్రతో విసురుకుంటూ ఉంది. ఊరికే కూర్చోలేక జేజిని పలకరించింది.

"ఏమవ్వా, పొడిపిచ్చుకుంటావా? నొప్పి లేదు, చీమ కుట్టినట్టే."

"నాకెందుకుమ్మే, కాటికి పోయేదాన్ని."

"ఆడికే గదా అవ్వా ఎంటబెట్టుకోని పోయేది. నగలు తీస్తారు, పచ్చ తియ్యరు. చెప్పు, మీ ఆయన పేరేంది?"

నరసింహులు అనే మాట నా నోటిదాకా వచ్చింది. కొత్తవాళ్ళ ముందు మాట్లాడటానికి నాకు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలో జేజి తలవంచుకుంది. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, దుకాణాల పైన కనిపిస్తున్న కొండ చూపించింది.

"ఆడుండాడు గదా. ఆ సామి పేరే."

"ఓహో, ఓబులేసా" అంది ఆమె.

జేజి చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఏమంటివి?"

"ఓబులేసు. కొండసామి పేరంటివి గదా."

జేజి చొక్కా గుండీ విప్పడం మొదలుపెట్టింది. బిగుతుగా ఉండి రాలేదు, నేను సాయం చేశాను. చొక్కా చెయ్యి పైకి మడిచి ఆమె ముందు పెట్టింది. నాలుగు నెలలుగా ఎండ తగలని ఆ చర్మం మీద అక్షరాలు ఆకుపచ్చగా, ముడతల మధ్య వంకరగా ఉన్నాయి.

ఆమె దగ్గరికి లాక్కొని చదివింది. "అదో, ముందే ఉండాదే. మల్లా అదే పేరు యాల?"

"ఇది మా ఆయప్ప పేరు గాదు."

"మరి కొండసామి అంటివే?"

"ఆ సామికి ఇంగో పేరుండాది గదుమ్మే. సింహం మొగంది."

ఆమె ఒక్క నిమిషం ఆలోచించి పగలబడి నవ్వింది. "నరసింహులా? అయ్యో నా తల్లీ. మాయమ్మ గూడా ఈ పనే చేస్తాండె. పేరు చెప్పని పెండ్లికూతుర్లతో సచ్చిపోతాండా అని తిట్టుకుంటాండె. ఒగామె మట్టితిప్ప చూపిచ్చిందంట. మాయమ్మ కొండయ్య అని పొడిచింది. ఆ మొగుడి పేరు తిప్పయ్య. ఆయప్ప కట్టె తీస్కోని వచ్చినాడు మాయమ్మ మిందికి."

జేజి నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత చప్పుడు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. పక్క డేరాలో మిషన్ ఆపి ఎవరో తొంగిచూశారు.

"అయితే తప్పు నాది గాదు" అంది, నవ్వు ఆగాక.

"నీదేముండాది? ఇప్పుడు నేను చెయ్యలే? ఆళ్ళు సూదితో చేసిరి, నేను నోటితో చేస్తి. కింద నరసింహులని రాయమంటావా? నీకు తక్కవకే రాస్తా."

జేజి చెయ్యి వెనక్కి తీసుకొని, అక్షరాల మీద బొటనవేలితో రుద్దుకుంది. "వద్దులేమ్మే. ఇన్నేండ్లు మోస్తి. ఇప్పుడు ఇంగొగాయప్పను యాడ పెట్టుకునేది."

గుడి వైపు నడుస్తున్నప్పుడు అడిగాను. "గుర్తొచ్చిందా జేజీ, ఆ రోజు?"

ఆమె నిలబడి, నిజాయితీగా ఆలోచించింది. "లేదు పాపా. ఆ పొద్దు గుర్తు లేదు." రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "కానీ నేను అట్లనే చేసింటా."

వరసలో గంటన్నర నిలబడి దర్శనం చేసుకున్నాం. ముసలివాళ్ళకు వేరే వరస ఉందని బయటికి వచ్చాక తెలిసింది, పోయేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి. పులిహోర ప్రసాదం తిన్నాం. జేజి చొక్కా విప్పి సంచిలో పెట్టమంది, ఉక్కపోస్తోందని.

రెండు నలభైకి తిరుగు బస్సు. ఆళ్ళగడ్డలో మారి నంద్యాల బస్సు ఎక్కేసరికి నాలుగయింది. ఎండ వాలి పొలాల మీద పసుపుగా ఉంది. మరిచిపోయింది తిరిగి తెచ్చివ్వాలని నేను బయలుదేరాను. అది తిరిగి రాలేదు. పోయిన రోజు పోయినట్టే ఉంది. దాని బదులు జేజికి తన మీద తనకు నమ్మకం దొరికింది. తిరునాళ్ళలో కొనడానికి ఏమీ బాగాలేవని ఫిర్యాదు చేస్తూ కిటికీ చువ్వ మీద ఎడమ చెయ్యి పెట్టుకొని కూర్చుంది.

మా పక్కన చంటిబిడ్డతో ఒకామె కూర్చుంది. బిడ్డ ఆ పచ్చ అక్షరాలను వేలితో తాకుతుంటే ఆమె వంగి చదివింది.

"ఓబులేసు. మీ ఆయనా అవ్వా?"

జేజి ఆ చిన్న వేలిని పట్టుకొని అక్షరాల మీద మళ్ళీ పెట్టింది.

"మా ఆయనే" అంది. "పేరొక్కటే వేరే."