అందరిదీ బోణీయే

మా నాన్నది గుడివాడలో స్టీలు సామాన్ల కొట్టు. మాటలు వచ్చీరాని వయసులోనే నాకు బేరం వచ్చింది. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపకూడదని, లాభం చూసుకోకుండా ఇచ్చేసి ఆ నోటు కళ్ళకద్దుకోవాలని అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు బందరులో ఒక పరిశోధన కేంద్రం నడుపుతున్నాను. సముద్రం వారన పల్లెల్లోని ముసలివాళ్ళకు మతిమరుపు జబ్బు వస్తే, మిగతావాళ్ళకంటే అంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుందో చూడటం మా పని. అందరూ నన్ను డైరెక్టరుగారంటారు. నిధుల కోసం పెద్దవాళ్ళ ముందు కూర్చున్నప్పుడు మాత్రం మళ్ళీ స్టీలు గిన్నెలే అమ్ముతున్నట్టుంటుంది.

నాగాయలంకలో చేపలమ్మే ఒక పెద్దావిడను కోడలు మా శిబిరానికి తీసుకొచ్చింది. అంతకుముందు చూపించిన డాక్టరు పెద్దతనం, ఛాదస్తం అని బలం మాత్రలిచ్చి పంపాడట. మా ప్రశ్నలూ గొప్పవేం కావు. పింఛను తీసుకునే మేష్టార్ల కోసం రాసినట్టుంటాయి. గడియారం బొమ్మ గీయమంటే ఆవిడ పెన్సిలు వంక చూసి నవ్వింది. వందలోంచి ఏడు తీసేయమంటే అడగడం పూర్తి కాకముందే చెప్పేసింది.

"లెక్కల్లో దిట్టండీ. చదువు లేక బొమ్మ రాలేదు, అంతే," అన్నాడు మా డాక్టరు.

కోడలు కదల్లేదు.

"మీకు తెలవదండీ. ఎవరొచ్చినా బోణీ అంటది. పొద్దున బోణీయే, మజ్జాన్నం బోణీయే. ఎంతకి పడితే అంతకి ఇచ్చేసిద్ది. ఊళ్ళో వాళ్ళు కనిపెట్టేసి ఆవిడ దగ్గరికే వస్తన్నారు. ఇక మార్కెట్టు మాన్పించేద్దామంటన్నాడు మా ఆయన."

ఆవిడది మంచి మనసని మావాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అమ్మకాల్లో పెరిగినవాళ్ళు మనవళ్ళ పేర్లయినా తడబడతారేమో గానీ, బోణీ అయిందో లేదో మర్చిపోరు.

"మార్కెట్టు మానేస్తావా పిన్నీ?" అన్నాను.

"ఇంట్లో కూచుని ఈగలు తోలుకోనా? ఆ చోటు మా అత్త ఇచ్చింది. నేను పోయాక మా కోడల్ని తీసుకోమను."

విజయవాడలో స్కానింగు చేయించాం. జబ్బేనని తేలింది. మందులతో కాస్త నెమ్మదిస్తుంది గానీ ఆగదు. అయినా ఆవిడ మమ్మల్ని మందు అడగలేదు. తన చోటు అడిగింది.

దాంతో నాకు వచ్చిన ఒక్క విద్యా పట్టుకుని మార్కెట్టుకెళ్ళాను. ఆవిడ పక్కన తట్ట పెట్టుకునే మనిషితో బేరం మొదలుపెట్టాను. ఎవరొచ్చినా పెద్దావిడ చెప్పిన ధర ఆవిడ చేతిలోనే పెట్టాలి. అసలు ధరకి తగ్గిన మిగతాది ఈ పక్కావిడ వాళ్ళ దగ్గర వసూలు చేసి, ఇంటికెళ్ళేటప్పుడు కోడలికివ్వాలి.

"మరి నాకేంటంట?"

"మధ్యలో గోనెపట్టా తీసేసి రెండు తట్టలూ కలిపి పెట్టు. ఆవిడ కోసం వచ్చిన జనం నీ చేపలూ చూస్తారు."

పక్కావిడ నన్ను ఎగాదిగా చూసింది. "డాక్టరమ్మవా, కొట్లో పుట్టావా?"

"గుడివాడ."

"అదీ సంగతి!"

కొన్నాళ్ళు చూద్దామన్నాడు పెద్దావిడ కొడుకు. ఆ కొన్నాళ్ళు ఏడాది దాటాయి. ఎవరైనా "ఆవిడే చెప్పిందిగా ఆ ధర!" అని గొడవకొస్తే, "సిగ్గు కూడా సగం ధరకే కొన్నావా మావయ్యా?" అనేది పక్కావిడ. అలా అడిగించుకున్నవాళ్ళలో నేనూ ఉండేదాన్నేమో, ఈ ఉద్యోగంలో లేకపోతే.

మొన్న వెళ్ళినప్పుడు పండుగప్పను చూపించి ఎంతన్నాను. పెద్దావిడ నన్ను చూసింది, చేపను చూసింది. ధర రాలేదు. బోణీ అన్న మాటా రాలేదు.

"బోణీ నాదేనా పిన్నీ?" అంటూ నోటు ఆవిడ చేతిలో పెట్టాను. చెయ్యి దానంతటదే కళ్ళ దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. పక్కావిడ ఆ చేతిని మెల్లగా దించి, నోటు ఆవిడ రొంటిన దోపింది.

"వాళ్ళబ్బాయి ఇక చాలంటాడేమోనమ్మా," అంది నాతో.

"నువ్వేమంటావ్?"

"చోటు ఆవిడది. కూచోడానికి బోణీ గుర్తుండాలా ఏంటి?"

అని ఇంకాస్త దగ్గరికి జరిగి, పెద్దావిడ మోకాలికి తన మోకాలు ఆనించి కూచుంది. మిగతా ధర ఎంతో అడిగి, పక్కావిడ చెప్పినంతా ఇచ్చాను.