పొగమంచులో గొబ్నెట్ తిట్లు

మా అమ్మమ్మ గొబ్నెట్ నోరు విప్పితే కెర్రీ తీరంలోని లైట్‌హౌసులన్నీ సిగ్గుపడి ఆరిపోతాయి. అమెరికా పోయే పెద్ద ఓడలు దారి తప్పితే దిక్సూచిని పక్కన పెట్టి ఆమె గొంతు కోసమే చెవులు రిక్కిస్తాయి. నమ్మనివాళ్ళు మా క్వాన్‌బెగ్ రేవుకొచ్చి, ఆమె బంగాళాదుంపల మడిలోకి ఒక్క కోడిని తోలి చూడండి.

ఇప్పుడామెకు పళ్ళు లేవు, మోకాళ్ళలో బలం లేదు, నా మీద జాలి అసలే లేదు. గొంతు మాత్రం అలాగే ఉంది. ఆ గొంతు మా తాతయ్య ఫీనీన్‌ను చావు దాకా తరిమి, మళ్ళీ తనే వెనక్కి లాక్కొచ్చిన రోజు ఒకటుంది.

అమ్మమ్మది కొండల్లో గొర్రెలు కాసుకునే ఊరు. తాతయ్యను చేసుకునేదాకా ఆమె సముద్రాన్ని దూరం నుంచే చూసింది. దగ్గర నుంచి చూశాక కూడా పెద్దగా నచ్చలేదట. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి రేవుకెళ్ళి తాతయ్య పడవను వేలితో పొడిచి చూసింది. సన్నని కర్ర చట్రం మీద గుడ్డ బిగించి తారు పూసిన పడవ అది. వేలు పెడితే గుడ్డ లోపలికి వంగింది. మా ఊళ్ళో లంగాలు కూడా ఇంతకన్నా మందంగా కుట్టుకుంటామని అత్త నెల్‌తో అంది. నెల్ ముసలమ్మ నోట్లోంచి పొగాకు గొట్టం తియ్యకుండానే, లంగాలతో చేపలు పడతారేమిటి అందట.

రేవుకెదురుగా నీళ్ళలో రాళ్ళ వరస ఒకటుంది. నెల్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు గోధుమల ఓడ ఒకటి దాని మీద పడి రెండుగా విరిగింది. అందులో ఒక్కరూ బతకలేదు. మా ఇంటి తలుపు ఆ ఓడ చెక్కే. ఊళ్ళో సగం తలుపులూ అవే. చెక్కల్ని తెచ్చుకోగలిగాం గానీ మనుషుల్ని తెచ్చుకోలేకపోయామని, ఆ తలుపు వేసినప్పుడల్లా నెల్ శిలువ గుర్తు వేసుకునేది.

చలి మొదలైన ఒక రోజు, తాతయ్యా ఆయన తమ్ముడు మోర్టీ సముద్రంలో దింపిన రొయ్యల బుట్టలు ఎత్తడానికి వెళ్ళారు. అప్పటికి మా అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులోనే ఉంది. మధ్యాహ్నం టీ నీళ్ళు మరిగేలోగా పొగమంచు కమ్మేసింది. గడపలో నిలబడితే పెరటి గోడ కనిపించలేదు.

అమ్మమ్మ తడుముకుంటూ రేవుకు దిగింది. ఒక పడవ వచ్చింది. మావాళ్ళేరీ అంటే, మా వెనకే వస్తున్నారన్నారు. ఇంకో పడవ వచ్చింది. వాళ్ళూ అదే మాట అన్నారు. ఆఖరి పడవ వాళ్ళు కూడా వెనకే ఉన్నారని చెప్పి, ఆమె ముఖం కేసి చూడకుండా పడవను భుజాల మీదికెత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక రాళ్ళ మీద నీళ్ళు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి ఆమెకు తెడ్ల కిర్రుమనే చప్పుడు వినిపించింది. తాతయ్య పడవే. ఎడమ తెడ్డు కొంచెం ఎక్కువ ఏడుస్తుంది, ఆమెకు తెలుసు. ప్రాణం లేచొచ్చి, గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని "ఫీనీన్!" అని పిలిచింది.

తెడ్లు ఆగిపోయాయి.

మళ్ళీ పిలిచింది. తెడ్లు కదిలాయి. ఇటు కాదు, అటు. రాళ్ళ వైపు. ఇంకా గట్టిగా పిలిచింది. చప్పుడు ఇంకా దూరం పోయింది.

ఈలోగా నెల్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"పేరు పెట్టి పిలిచావా?" అంది.

"పిలవక? నా మొగుడు కదా అత్తా."

"మంచులో మగాణ్ణి పేరు పెట్టి పిలిచేది సముద్రంలో మునిగి చచ్చినవాళ్ళే. పలక్కుండా దూరంగా తెడ్డెయ్యమని ఆ ఇద్దరికీ నేర్పించింది నేనే."

తనే పిలుద్దామని నెల్ నోరు తెరిచింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు. పిలిస్తే పోతాడు. పిలవకపోతే రేవు ఎటుందో తెలియదు. తెడ్ల చప్పుడు అలల హోరులో కలిసిపోతోంది.

అమ్మమ్మ శాలువా విప్పి కింద పడేసింది. ఈసారి పేరెత్తలేదు.

"ఏమయ్యా, కప్పు మీద గడ్డి కడతానని ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నావు? రాత్రి వాన కారి పిండి బస్తా ముద్దయిపోయింది. అది నీ తాత తింటాడా? మీ అమ్మకి చిటికెడు పొగాకు లేదు. గాడిద కాలికి పుండు పడింది, చూశావా? నీకన్నా అదే నయం, చెప్పిన చోట నిలబడుతుంది. ఇక నీ తమ్ముడు. పొయ్యిలో కాల్చి పెట్టిన దుంపలు నిన్న ఆరు మాయమయ్యాయి. దొంగతిండి తినే మొహం..."

మంచులో తెడ్లు ఆగాయి. పక్కన నెల్ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గోళ్ళు గుచ్చేసింది.

"ఆరు కాదు వదినా, నాలుగే" అని మోర్టీ గొంతు వినిపించింది, ఏడవబోయే పిల్లాడిలా.

గడ్డి కట్టలేదని ఇంటాయన్ని తిట్టే దెయ్యాన్ని క్వాన్‌బెగ్‌లో ఎవరూ ఎరగరు. తెడ్లు ఇటు తిరిగాయి. అమ్మమ్మ మాత్రం ఆగలేదు. ఆగితే వాళ్ళకు దారి పోతుంది. తాతయ్య తప్పులు అయిపోయాయి. ఆయన నాన్న తప్పులు ఎత్తుకుంది. అవీ అయిపోయాక, పక్కనే ఉందని కూడా చూడకుండా అత్తగారి మీదికి వెళ్ళింది. నెల్ తలాడిస్తూ, ఇంకా ఉన్నాయి, కానియ్ అంది. పడవ ముక్కు రేవు రాయికి తగిలేదాకా ఆ నోరు మూతపడలేదు.

గుడ్డ పడవ అడుగున ఒకచోట రాయి గీరి, లోపలికి నీళ్ళు వస్తున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. ఆ రోజు ఊరంతా కిటికీల దగ్గర నిలబడి మా ఇంటి గుట్టంతా విన్నది. తాతయ్య కనబడితే చాలు, కప్పు కట్టావా అని అడిగేవారు. చర్చి దగ్గర కూడా అడిగారట.

ఇదంతా నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చుంది. నాకు ఒకటి తెలుసుకోవాలనిపించింది. మోర్టీ పలక్కపోయుంటే, పడవ అటే పోయుంటే, ఏం చేసేదానివని అడిగాను.

"తిడుతూనే ఉండేదాన్ని" అంది.