లేని కడుపు

రాయగడ స్టేషన్ రోడ్డులో పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టే ధరణిని ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. బంధుగాం నుంచి కోడలిగా వచ్చిన మనిషి. మొగుడు నరేంద్రకి మున్సిపాలిటీ నీళ్ల పంపుల దగ్గర కాంట్రాక్టు పని. ఒక్కర్తే కూతురు, బిందుశ్రీ. ఇంటికీ బండికీ పెద్ద మాత్రం అత్త గున్నమ్మ. పిండి రుబ్బడం దగ్గర్నుంచి చట్నీ పోపు దాకా ధరణి చెయ్యాలి, గల్లాపెట్టె దగ్గర గున్నమ్మ కూర్చోవాలి. లోకంలో చాలా వ్యాపారాలు ఇలాగే నడుస్తాయి, అది వేరే సంగతి.

ఆ ఇంట్లో ముట్టయితే మూడు రోజులు వెనక వసారాలో చాప, వేరే కంచం. పిండి తాకకూడదు. ధరణి తాకకపోతే బండి లేదు. అందుకే నెల మధ్యలో కూడా నెత్తురు కనిపించడం మొదలైనప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ఆగుతుంది, బండి ఆగితే గున్నమ్మ నోరు ఆగదు. తెల్లారకముందే గుడ్డలు ఉతుక్కుని, దొడ్లో చాటుగా ఆరేసుకుని, ఏమీ ఎరగనట్టు పిండి కలిపేది. అలా ఏడాది గడిచింది. ఇంట్లో మైల కలుపుతున్నానన్న భయమే తప్ప ఇది జబ్బేమోనన్న అనుమానం ఆమెకి రాలేదు. ఎలా వస్తుంది? ఆడదాని నెత్తురుకి ఆ ఇంట్లో ఉన్న పేరు ఒక్కటే.

బండి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాక గానీ విశాఖపట్నం వెళ్లలేదు. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్. పక్కలకి పాకింది, ఇప్పుడు ఆపరేషన్‌తో పోదు. ముందు బయటినుంచి కరెంటు, అదే రేడియేషన్, పెడతాం, వారానికోసారి సెలైన్లో మందు ఎక్కిస్తాం. అది అయ్యాక లోపలినుంచి పెట్టాలి. అసలైన వైద్యం అదే, మానెయ్యకూడదు. ఇంకోమాట. ఈ కరెంటుకి నీకు ముట్టు ఆగిపోతుంది, ఇక పిల్లలు పుట్టరు. చిన్న వయసు కదా, ముందే చెబుతున్నాను."

ధరణి తలూపింది. నరేంద్ర కూడా తలూపాడు. ఇద్దరూ విన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి.

సత్రంలో ఉండి బయటి కరెంటు పూర్తి చేయించుకుంది. వాంతులు, విరేచనాలు, నోటికి ఏదీ సయించదు. కానీ నెత్తురు ఆగిపోయింది. కాస్త కోలుకుని, లోపలి కరెంటుకి వారంలో రమ్మని పంపించారు.

ఇంటికొచ్చాక గున్నమ్మ కోడల్ని కనిపెట్టి చూసింది. ముట్టు తేదీ దాటింది. పొద్దున్నే వికారం. ఉండుండి ఒంట్లోంచి ఆవిర్లు. ముసలమ్మ మొహం వెలిగిపోయింది.

"అమ్మీ, నువ్వు నీళ్లోసుకున్నావే! మజ్జిగౌరమ్మ సల్లగా సూసింది. ఈపాలి మొగపిల్లడే."

ధరణి నోరు తెరిచింది. ఆలోగా గున్నమ్మ ఆమె చేతిలోని చీపురు లాక్కుంది, కూర్చోబెట్టింది, కంచంలో వేడి అన్నం కలిపి తెచ్చింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒకరు వడ్డిస్తే ధరణి తినడం అదే మొదలు. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకుంది. అబద్ధమని తెలుసు. అయినా తీపి తీపే కదా. రేపు చెబుదాం అనుకుంది. మర్నాడూ రేపే అనుకుంది.

నరేంద్ర మంచివాడే. చెడ్డవాడైతే ఒక తిట్టు తిట్టి ఊరుకోవచ్చు, మంచివాడితో అదీ కుదరదు. తల్లి వీధంతా చెప్పుకొస్తుంటే చొక్కా తగిలించుకుని పంపు దగ్గరికి పోయేవాడు. ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేస్తే, "వస్తాం మేడం, వస్తాం" అని పెట్టేసేవాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గున్నమ్మ ఎదురింటి ఎర్రమ్మతో పేరు కూడా ఆలోచించేసింది. విశాఖపట్నం ఊసెత్తితే మాత్రం కొట్టేటంత కోపం.

"కడుపులో పిల్లడున్నాడంటే కరెంటెట్టించుకుంటావేటి?"

ధరణి మందుల షాపులో కార్డు కొని పరీక్ష చేసుకుని, ఒక్క గీతే పడింది, కడుపు లేదని చూపించింది. ముసలమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, కరెంటు వేడికి కార్డు పాడైందని దొడ్లో పారేసింది.

నెల దాటాక ఒక పొద్దున్న మళ్లీ నెత్తురు కనిపించింది. "కదలకుండా తొంగో, జారిపోతాది" అని గున్నమ్మ మంచం వేసింది. ధరణి ఆ మంచం మీద కూర్చోలేదు. ఇన్నాళ్లూ ముద్ద ముద్దకీ తన ప్రాణం కొంచెం కొంచెం తినేశానన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. తనమీద తనకే అసహ్యమేసింది.

"అత్తా, కడుపూ లేదు, ఏటీ లేదు. నాకింక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ ముందే సెప్పింది. నీ కొడుకూ ఇన్నాడు, అడుగు."

గున్నమ్మ కొడుకువైపు తిరిగింది. "ఏరా, సెప్పిందేటి?"

నరేంద్ర గోడవైపు చూశాడు. "ఏమోనే అమ్మా. ఇంగ్లీషులో ఏటో అంది. నాకు సరిగ్గా తెలీలేదు."

డాక్టరమ్మ మాట్లాడింది అచ్చ తెలుగు. ధరణి బట్టలు సంచీలో కుక్కుకుని, బిందుశ్రీని ఎర్రమ్మకి అప్పగించి, విశాఖ పోయే రైలెక్కింది. ఒక్కర్తే వెళ్లింది.

డాక్టరమ్మ బాగా తిట్టింది. గడ్డ మళ్లీ లేచిందంది. ఇంత ఆలస్యమయ్యాక గ్యారంటీ ఇవ్వలేనని ముఖం మీదే చెప్పింది. అయినా లోపలి కరెంటు పెట్టారు. మత్తు దిగేటప్పుడు పక్కన మనిషి ఉండాలి కదా, నీవాళ్లెవరని నర్సు అడిగితే, వాళ్లకి ఖాళీ లేదని చెప్పింది. అన్ని విడతలూ అలాగే చేయించుకుంది.

తిరిగొచ్చేసరికి వీధి మొత్తం ఆమెని చూసే తీరు మారిపోయింది. కడుపులో పిల్లాణ్ని కరెంటెట్టించి చంపేసుకుందని గున్నమ్మ, బండి ఎందుకు పెట్టలేదని అడిగిన ప్రతివాడికీ చెప్పింది. తెల్లారిలేస్తే ఆమె చేతి ఇడ్లీ తిన్న నోళ్లే ఇప్పుడు అయ్యో పాపం అంటున్నాయి, ఆమెని చూసి కాదు. సాయంత్రం గుమ్మంలో ఎర్రమ్మ నరేంద్రని పరామర్శిస్తోంది.

"పోన్లే బాబూ, ఏడవకు. కడుపు తీపి నీకూ ఉంటాది కదా."

"ఏటి సేస్తాం పిన్నీ. రాసిపెట్టి లేదు" అని నరేంద్ర కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడి వచ్చింది.

లోపల పడుకున్న ధరణి గోడ పట్టుకుని లేచింది. ఎర్రమ్మ వెళ్లేదాకా ఆగి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ రోజు డాక్టరమ్మ ముందర నా పక్కనే కూసున్నావు. లేని పిల్లడికి ఏడుస్తున్నావు. నాను బతుకుతానో లేదో ఎవులికీ తెల్దు. ఉన్నదాన్ని నాను, నాకోసం ఒక్క సుక్క కార్చేవేటి?"

నరేంద్ర కంగారుగా వంటింటివైపు చూశాడు.

"మెల్లిగా మాటాడవే. అమ్మ ఇంటాది."