కాక పొడుగు సంతకం

మా రూమ్‌లో చదువుకున్నవాడినని పేరు నాకే ఉండేది. ఇంటర్ తప్పడం కూడా అక్కడ చదువుకిందే లెక్క. ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అందుకని కొంచెం పొగరు, పొగరుతో పాటు కొంచెం వంకరబుద్ధి.

అప్పుడు మేం గల్ఫ్‌లో, అల్ సువైక్ అనే ఊళ్ళో ఖర్జూరం తోటల పక్కన దుకాణాల వరుస కడుతున్నాం. నాది ఇనుప చువ్వలు వంచి కట్టే పని. ఒకరోజు డ్యూటీ దిగగానే మందూబ్, అంటే కంపెనీ కాగితాలు చూసే మనిషి, అందరినీ మెస్‌లో లైన్‌లో నిలబెట్టాడు. మా పాస్‌పోర్టులు మేం దిగిన రోజే కంపెనీ తీసేసుకుంది. పనివాడు ఒప్పుకుంటే తప్ప అలా ఉంచుకోకూడదని ఆ దేశంలో చట్టం. ఎవరో తనిఖీకి వస్తున్నారట, అందుకని ఇప్పుడు మా ఒప్పుకోలు కావలసి వచ్చింది. "నా ఇష్టంతోనే ఇచ్చాను" అని అరబ్బీలో ముందే టైపు చేసి పెట్టారు. కింద మేం సంతకం పెట్టాలి.

నాకు ఒళ్ళు మండింది. మందూబ్ మొహం మీద "పెట్టను" అనే దమ్ము మాత్రం లేదు.

నా వెనక కాక ఉన్నాడు. నాకు చుట్టమేం కాదు. మా పక్క మండలం మేస్త్రీ, పెద్దవాడని రూమంతా కాకా అనే పిలుస్తాం. గోడ కడితే ఎక్కడా వంక పెట్టలేం గానీ అక్షరం ముక్క రాదు. పిల్లగాళ్ళందరి ముందూ వేలిముద్ర వెయ్యాలంటే ఆయనకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

"బిడ్డా, నా పేరు జర రాసియ్యి, చూసి గీస్త" అని అరచెయ్యి చాపాడు.

వంకరబుద్ధి ఊరుకుంటుందా? పెన్ను తీసి ఆ చేతిమీద రాశాను: "నేను ఇయ్య ఏం జేస్తవో జేస్కో."

"గింత పొడుగుంటదా నా పేరు?"

"ఇంటిపేరు గూడ గలిపిన గద కాకా."

సంతోషపడ్డాడు. టేబుల్ మీద వంగి, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరాన్నీ ఇటుక పేర్చినట్టు పేర్చాడు. చోటు చాలక సంతకం మలుపు తిరిగి కాగితం అంచు వెంట పైకి పాకింది. మందూబ్‌కు తెలుగు రాదు కదా, స్టాంపు గుద్దేశాడు. మరి నేనేం రాశానంటారా? గుండ్రటి అక్షరాలతో బుద్ధిగా నా పేరు రాసిచ్చాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కాకకు రాత పిచ్చి పట్టింది. చెయ్యి కడుక్కోక ముందే దాన్ని అట్టముక్క మీదికి దించుకున్నాడు. తర్వాత మంచం కోడు మీద, హెల్మెట్ మీద, చివరికి టిఫిన్ డబ్బా చుట్టూ ఎర్ర పెయింటుతో. మధ్యాహ్నం సైట్‌లో అందరి డబ్బాల మధ్య ఆ డబ్బా "నేను ఇయ్య ఏం జేస్తవో జేస్కో" అని కూర్చుంటే, చదవొచ్చినవాళ్ళం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒక్కడూ ఆయనకు చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు.

ఏడాదిన్నరకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కాక భార్యకు కడుపులో గడ్డ. కరీంనగర్‌లో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆమె ఒకటే పట్టు: "నువ్వు రాకుంటే నేను ఆపరేషన్ బల్లెక్క." కంపెనీదీ ఒకటే మాట, పని పూర్తయ్యాకే పాస్‌పోర్టు. కాక లేబర్ ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు పెట్టాడు. ఇష్టంతో ఇచ్చినట్టు మా దగ్గర కాగితం ఉందన్నాడు మందూబ్. అక్కడ తెగక వ్యవహారం కోర్టుకెక్కింది.

కాగితం మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. అది ఎవరైనా చదివితే కాక గెలుస్తాడు, నేను దొరికిపోతాను. ముందే చెప్పేద్దామని, "కాకా, నీ సంతకం..." అని మొదలుపెట్టాను. "మంచిగ కుదిరింది గదరా!" అన్నాడు డబ్బా తుడుచుకుంటూ. చెప్పడం రేపటికి వాయిదా వేశాను.

కోర్టుకు తోడు రమ్మంటే వెళ్ళి వెనక కూర్చున్నాను. తర్జుమాకి కోనసీమ సిస్టర్ ఒకామెను పిలిపించారు. ఏళ్ళ తరబడి అక్కడి ఆస్పత్రిలో పనిచేసి అరబ్బీ కూడా తెలుగంత సులువుగా మాట్లాడుతుంది. ఉన్నది ఉన్నట్టే చెప్తానని ఆమె చేత ప్రమాణం చేయించారు.

మందూబ్ కాగితం అందించాడు. ఈ సంతకం నీదేనా అని జడ్జి అడిగించాడు.

కాక ఛాతీ విరుచుకున్నాడు. "నాదే సార్. నా చేత్తోనే రాసిన."

జడ్జి సంతకం వెంట కాగితాన్ని తిప్పుకుంటూ పోయి, ఇంత పేరేమిటో చదవమన్నాడు. సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుంది. చదివింది. కాకను చూసి మళ్ళీ చదివింది. తర్వాత అరబ్బీలో ఏదో చెప్పగానే మందూబ్ మొహం మాడిపోయింది. జడ్జి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, ఇది పేరు కాదండీ," అంది ఆమె తెలుగులో. "'నేను ఇవ్వను, ఏం చేస్తావో చేసుకో' అని రాశారండీ మీరు."

కాకకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

పాస్‌పోర్టు వెంటనే తిరిగిచ్చెయ్యమన్నాడు జడ్జి. చదవకుండా స్టాంపు ఎందుకు వేశావని మందూబ్‌కు నాలుగు చీవాట్లు తగిలించాడు కూడా.

వరండాలో కాక అన్నాడు: "ఆ డబ్బా పట్టుకోని సైటంత తిరిగిన గదరా."

"తప్పయింది కాకా."

మళ్ళీ అరచెయ్యి చాపాడు. "ఇప్పుడన్న నా పేరు రాయి."

రాశాను. మూడే మూడు అక్షరాలు. ఆయన వాటిని చూసుకుని నేరుగా సిస్టర్ దగ్గరికి నడిచాడు. కారు ఎక్కబోతున్న ఆమె ముందు చెయ్యి చాపి, "అమ్మా, జర సదివి చెప్పు. వీన్ని నేను నమ్మ" అన్నాడు. ఆమె చదివింది. ఆయన తల ఊపి మెల్లగా గుప్పిట మూసుకున్నాడు.

ఆ వారమే కాక విమానమెక్కాడు, ఆయన భార్య బల్లెక్కింది, బాగుంది. పోయే ముందు డబ్బా నా మంచం మీద పెట్టాడు. "నీ రాతే గద, నువ్వే తిను ఇందుల."

రోజూ మధ్యాహ్నం అందులోనే తింటున్నాను. నా పాస్‌పోర్టు ఇంకా కంపెనీ బీరువాలోనే ఉంది. నా కాగితం మీద నా పేరు ఒక్క తప్పు లేకుండా ఉంది మరి.