తలుపుల్లేని కార్లు

మా బావకు కారు నడపడం రాదు. అయినా ఆయన దగ్గర అరవై మూడు కార్లున్నాయి. అన్నీ అరచేతిలో పట్టేవే, అసలు కారులో నలభై మూడో వంతు ఉంటాయి. పోనీ అందరికీ తెలిసిన కార్లా అంటే అదీ కాదు. ఫ్రాన్సులో ఒకప్పుడు సెలవుల్లో సముద్రపు ఒడ్డుకు షికారు వెళ్ళేవాళ్ళ కోసం చేసిన వింత బళ్ళు. ఒకదానికి పేము అల్లిన సీట్లు. ఒకదానికి పైకప్పు బదులు చారల గుడ్డ. ఇంకొకటి ఒళ్ళంతా ప్లాస్టిక్కు, ఇసుక పడితే గొట్టం పెట్టి కడిగేసుకోవచ్చట. ఇవన్నీ నాకు ఈ మధ్యనే తెలిశాయి. ముప్పై ఏళ్ళపాటు అవి పెట్టిన అద్దాల బీరువా ముందు నిలబడి టీ తాగిన నాకు తెలిసిందల్లా అందులో బొమ్మ కార్లున్నాయని మాత్రమే.

బొమ్మలంటే బావ ఒప్పుకోడు. "నమూనాలురా," అంటాడు.

"ఏవైతేనేం బావా, పెట్రోలు తాగనిది కారెలా అవుతుంది," అనేవాణ్ణి.

నాది కార్ల ఒళ్ళు బాగుచేసే పని. సొట్టలు తీసి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొడతాను. షెడ్ల వీధిలో నన్ను సుత్తి మేస్త్రి అంటారు. పనిని బట్టి అంటారని నేననుకుంటాను, నోటిని బట్టి అని మా అక్క అంటుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడమెందుకు.

బావ నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఏళ్ళ తరబడి అదే బల్ల, అదే స్టూలు. ఒక్కో జత అద్దాలకూ ఒక చిన్న కాగితం కవరు, దాని మీద నంబర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు. బీరువాలో ఒక్కో కారు ముందూ అలాంటి అక్షరాలతోనే ఒక చీటీ ఉంటుంది. నేనెప్పుడైనా చదివానా అంటే లేదు.

అమ్మా నాన్నా పోయాక పన్నెండేళ్ళవాణ్ణి అక్క వెంట ఆ ఇంటికి వచ్చాను. చదువు నాకు ఒంటబట్టలేదు. నన్ను తిట్టకుండా, కొట్టకుండా, రేకు పని చేసే మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళి అప్పజెప్పింది బావే. మొదటి నెల రోజూ సాయంత్రం షెడ్డు బయట నిలబడి, నేను చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆగేవాడు. ఆ కాలితో అంత దూరం నడిచి వచ్చేవాడు.

కాలి సంగతి చెప్పలేదు కదూ. చిన్నప్పుడేదో జ్వరం వచ్చి కుడి మోకాలు బిగుసుకుపోయింది, ఇక వంగదు. నడకలో పెద్ద ఇబ్బంది లేదు. కారెక్కడమే పెద్ద తతంగం. ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూలబడాలి. తర్వాత కుడికాలిని రెండు చేతులతో పైకెత్తి, తలుపుకు తగలకుండా లోపలికి చేర్చుకోవాలి. అప్పుడు నేను వంగి చూసి, పాదం లోపలే ఉందని నమ్మకం కుదిరాక తలుపు వేయాలి. దిగేటప్పుడు ఇదంతా మళ్ళీ వెనకనుంచి. నాకసలే ఓపిక తక్కువ. "కానీ బావా, కానీ," అని తలుపు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన ప్రతిసారీ "అయిపోయిందిరా," అనేవాడు.

ఏడాదికోసారి గ్రంథాలయం పై హాల్లో నమూనాలు పోగుచేసేవాళ్ళంతా కలుస్తారు. బల్లలు వేసి ఎవరి సొత్తు వాళ్ళు చూపించుకుంటారు. బావ ప్రతి ఏడూ వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, అందరి బల్లలూ చూసి వచ్చేవాడు. ఈ ఏడు ఆయనకే ఒక బల్ల ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని బావ నాకు మూడుసార్లు చూపించాడు. మూడుసార్లూ మొదటిసారి చూపిస్తున్నట్టే చూపించాడు.

అదే సమయానికి, పదకొండేళ్ళుగా వెతుకుతున్న కారొకటి ఆయనకు దొరికింది. నారింజ రంగుది. ఇంకో దేశంలో ఎవరో పెద్దాయన ఇస్తానన్నాడు. ఇక్కడెవరూ చూడనిది, బల్ల మీద ముందు వరసలో మధ్యన పెట్టాల్సింది అదే. పార్సిలు వచ్చిన రోజు బావ దుకాణంలో ఉన్నాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"పోస్టాఫీసుకొచ్చిన పెట్టె నలిగిపోయిందటరా. నువ్వెళ్ళి తీసుకో. తెరిచి చూడు, ఏమైనా విరిగితే మీ బావ తట్టుకోలేరు."

షెడ్డుకు తెచ్చి తెరిచాను. కారుకు రెండు పక్కలా తలుపుల్లేవు. వాటి స్థానంలో సన్నని గొలుసు ముక్కలు వేలాడుతున్నాయి. కాగితం చుట్టలన్నీ విప్పి చూశాను, పెట్టె బోర్లించి తట్టాను. ఎక్కడా లేవు. ఎవడో ఊడగొట్టి, కనబడకుండా గొలుసు కట్టి పంపాడని ఒళ్ళు మండిపోయింది. అసలు కార్లకు తలుపులు చేసేవాణ్ణి, ఈ పిసరంత దానికి చేయలేనా అనుకున్నాను.

రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. బూటు పాలిష్ డబ్బా మూత కత్తిరించి తలుపులు చేశాను. గుండుసూది తలలు నరికి పిడులు పెట్టాను. ఆ నారింజ రంగు కుదరడానికి తొమ్మిదిసార్లు కలిపాను. గొలుసులు పీకి చెత్తలో పడేసి, తలుపులు గట్టి జిగురుతో అతికించాను. ఎక్కడ అతికిందో నాకే తెలియలేదు. నా చేతి పని చూసి నేనే మురిసిపోయాను.

సాయంత్రం తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను. "దారిలో డోర్లు ఊడిపోయాయి బావా. నేనే చేసి పెట్టాను. ఏది అసలో ఏది అతుకో చెప్పు చూద్దాం," అన్నాను.

బావ దుకాణంలో వాడే భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "రంగు బాగా కలిసిందిరా," అన్నాడు. కారు బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. వచ్చీ రాగానే కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కోవడానికి.

అక్క బీరువా తెరిచింది. చోటు చాలక అందులో కార్లన్నీ ముఖాలు మనవైపు పెట్టుకుని ఇరుకిరుగ్గా నిలబడి ఉంటాయి. ఒకటి తీసి పక్కకు తిప్పి చూపించింది. ఇంకొకటి తీసింది. అయిదారు తీసింది. ఒక్కదానికీ తలుపుల్లేవు.

"ఇవి పుట్టుకతోనే అంతరా. డోర్లు లేనివే మీ బావ పోగుచేసేది," అంది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"ముప్పై ఏళ్ళనుంచీ నీ కళ్ళెదుటే ఉన్నాయి. ఒక్కసారైనా తీసి చూశావా?"

అక్కే మెల్లగా చెప్పింది. "మా పెళ్ళైన కొత్తలో ఏదో పత్రికలో ఒక ఫోటో చూశారు. డోర్లు లేని కారు, అందులో ఒకావిడ పక్కకు తిరిగి కాళ్ళు బయటికి చాపుకుని కూర్చుంది. ఇలాంటిదైతే నేనే ఎక్కి, నేనే దిగుతాను, ఎవరూ డోరు పట్టుకుని నిలబడక్కర్లేదు అన్నారు. అప్పట్నుంచీ ఈ పిచ్చి."

తల తీసేసినట్టయింది నాకు. అన్నేళ్ళు తలుపు పట్టుకుని నిలబడింది నేనే. కానీ బావా, కానీ అన్నదీ నేనే.

బ్లేడు తెచ్చి అతుకు దగ్గర పెట్టబోయాను. ఎప్పుడొచ్చాడో బావ, నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. లాగితే ఒళ్ళు కూడా చీలుతుంది," అన్నాడు.

మర్నాడు అక్క ఫోన్ చేసి, బల్ల వద్దని బావ హాలు వాళ్ళకు చెప్పేస్తానంటున్నాడని చెప్పింది. పరుగున వెళ్ళాను.

"మిగతావన్నీ వాళ్ళు చూసినవేరా. ఇంకో ఏడు చూద్దాంలే," అన్నాడు బావ.

"ఇన్నేళ్ళకు పిలిచారు. మళ్ళీ పిలుస్తారో లేదో ఎవరికి తెలుసు? నన్ను నాలుగు తిట్టు బావా. తిట్టి వెళ్ళు."

"నా కోసం రెండు రోజులు పని మానుకున్నావు. నిన్ను తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది?"

తిట్టినా బాగుండేది. షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చుంటే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. ఎదురుగా నా పాత జీపు ఉంది. సామాన్లు తెచ్చుకోవడానికి వాడతాను. వాన కొడుతోందని ఏనాడో నేనే రేకుతో తలుపులు చేసి బిగించాను. దాన్ని కాసేపు చూసి, లేచి స్పానరు తీసుకున్నాను. అక్కకు ఫోన్ చేసి, "ఆదివారం హాల్లో బల్లలు వేసేదాకా బావను ఆ ఫోన్ చేయనివ్వకు," అన్నాను.

తలుపులు రెండూ ఊడదీశాను. ముందు సీటును జానెడు వెనక్కి జరిపాను. ఎక్కేచోట కిందికి ఒక మెట్టు వెల్డింగు చేశాను. పక్కన అడ్డానికి గొలుసు పెట్టి కొక్కెం తగిలించాను. పైన చారల గుడ్డ అక్క కుట్టిచ్చింది. రంగు కలపడం ఈసారి ఒక్కసారికే కుదిరింది, నారింజ.

ఆదివారం పొద్దున ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. బావ బయటికి వచ్చాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొలుసును వేలితో కదిపి చూశాడు. చారల గుడ్డను తడిమాడు. లోపలికి వెళ్ళిపోయాడు. ఇదీ చెడగొట్టానా అని నాకు భయం వేసింది. చాలాసేపటికి చేతిలో అట్టపెట్టెతో వచ్చాడు, వెనకే అక్క కూడా చెప్పులు వేసుకుని వచ్చింది. పెట్టె మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చున్నాడు. కూర్చుని, మనిషి మనిషంతా ఇటు తిరిగాడు. కాలు కూడా దానంతటదే తిరిగి లోపలికి వచ్చేసింది. చేతులతో ఎత్తలేదు. గొలుసు తనే తగిలించుకున్నాడు.

నేను అలవాటు కొద్దీ తలుపు వేయడానికి చెయ్యి చాపాను. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు.

"పెట్టె అందుకుని అక్కకివ్వు," అన్నాడు బావ. "జాగ్రత్త, అది కూడా ఉంది."

మూత తీసి చూశాను. అన్నిటికన్నా పైన, దూదిలో, నేను తలుపులు పెట్టిన కారు ఉంది. దాని పక్కన అప్పుడే రాసిన చీటీ, ఇంకా సిరా తడి ఆరలేదు. పైన కారు పేరు, ఏడాది. కింద అవే ముత్యాల్లాంటి అక్షరాలతో, 'తలుపులు మా బావమరిది చేశాడు' అని ఉంది.

పెట్టె అక్కకిచ్చి, బండి స్టార్ట్ చేశాను.