కళ్ళం పక్కన డేటా సెంటర్

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్తే కారు అద్దాలు మూసుకున్నా లాభం లేదు. ఘాటు ఎటు నుంచో దూరి గొంతు పట్టుకుంటుంది. మొన్న అలాగే దగ్గు ఆగక, కారు పక్కకు ఆపించి మంచినీళ్ళు తాగుతుంటే కరుణమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ ఈ ఘాటుకు దగ్గేవారు కాదు. పొదిలి దగ్గర మెట్ట పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. నేను ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటే, "గుంటూరు పిల్లవయ్యుండి మిరపకాయకు భయపడితే ఎలాగమ్మా?" అని నవ్వేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ నవ్వు వినబడని లోటు నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఆవిడ నా మొదటి బాస్. కరెంటు శాఖలో ఇంజనీరుగా పనిచేసి, ముందుగానే ఉద్యోగం మానేసి మా చిన్న కంపెనీలో చేరారు. డేటా సెంటర్లకు చోటు వెతికి పెట్టడం మా పని. మన ఫోటోలూ, బ్యాంకు లావాదేవీలూ, ఆసుపత్రి రిపోర్టులూ అన్నీ ఎక్కడో ఒక భవనంలో యంత్రాల మీద నడుస్తుంటాయి. ఆ భవనానికి ఆగని కరెంటు కావాలి, కేబుళ్ళు దగ్గరుండాలి, వేడెక్కే యంత్రాలను నిరంతరం చల్లబరచాలి. చెప్పడానికి ఇంతే. తీరా చోటు చూసేలోపు ప్రభుత్వం నిబంధన మారుస్తుంది, అది సర్దుకునేలోపు యంత్రాలే మారిపోతాయి. అందరూ అలాంటప్పుడు ఆఫీసులో కూర్చుని డ్రాయింగులు దిద్దుకుంటారు. కరుణమ్మ గారు మాత్రం, నిబంధన మారినా యంత్రం మారినా, పాత నేలనే కొత్తగా నడిచి చూడాలని పట్టుబట్టేవారు. మేడమ్ గారి పాదయాత్ర అని మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఎండల్లో తిరిగి నా ముఖం నల్లబడిందని మా అమ్మ ఆవిడ మీద ఎంత గొణిగేదో చెప్పలేను.

నేను చేరిన కొత్తల్లో దాచేపల్లి దగ్గర ఒక స్థలం చూశాం. డేటా సెంటర్ కట్టబోయే హైదరాబాదు కంపెనీ తరఫున ప్రసాద్ అనే ఆయన వచ్చారు. నేలంతా రాయి, పునాది గట్టిగా కూర్చుంటుందని మురిసిపోయారు. కరుణమ్మ గారు స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి కారు బానెట్ మీద పెట్టారు. "ఎవరికండీ ఈ నీళ్ళు?" అన్నారు ప్రసాద్ గారు. "కాసేపు ఆగండి, చూద్దాం" అన్నారావిడ. మధ్యాహ్నం దూరంగా సున్నపురాయి క్వారీలో సైరన్ మోగింది. పేలుడు చప్పుడు మాకు పెద్దగా వినబడలేదు గానీ గ్లాసులో నీళ్ళు అంచు దాకా వణికాయి. ఆవిడ ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, "యంత్రాలు రోజూ ఈ వణుకు పడాలా? పదండి, భోంచేద్దాం" అన్నారు. ఆ స్థలం సంగతి అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత అదే కంపెనీకి సత్తెనపల్లి వైపు ఒక చోటు దొరికింది. పక్కనే సబ్‌స్టేషన్, ముందు తారు రోడ్డు, గుంటూరులో ఉండే ఆసామి అమ్మడానికి సిద్ధం. మేము వానాకాలంలో చూశాం. మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు. బయటి గాలిని నీళ్ళతో తడిపి లోపలికి పంపి యంత్రాలను చల్లబరిచే పద్ధతి అనుకున్నాం. అంతా ఖాయమయ్యే సమయానికి బోరు నీటి వాడకం మీద కొత్త నిబంధన వచ్చింది. కంపెనీ వాళ్ళు పద్ధతి మార్చి, యంత్రాల దగ్గరికే పైపుల్లో ద్రవాన్ని పంపి, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటామన్నారు. స్థలం మాత్రం అదే. "ఇంకోసారి వెళ్దాం" అన్నారు కరుణమ్మ గారు. నాకు ఒళ్ళు మండింది.

వెళ్ళేసరికి గడ్డి లేదు. నేలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మేము అడుగు పెట్టబోతుంటే మరియమ్మ అనే పెద్దావిడ కేకేసింది. "అమ్మా, చెప్పులక్కడే విడిచి రండి. కళ్ళం ఇది!" కరుణమ్మ గారు అప్పటికే విడిచేశారు. ప్రసాద్ గారు బూట్లు విప్పి, మేజోళ్ళతో నిలబడి, ఎటు అడుగెయ్యాలో తెలియక చూశారు.

"ఇక్కడ ఆరబోసుకునేది ఎవరు?" అని అడిగారు కరుణమ్మ గారు.

"మా పేటోళ్ళం అందరం అండి. కౌలు సేద్యం మాది. చేను ఒకళ్ళది, కళ్ళం ఒకళ్ళది. కాయ ఒక్కటే మాది" అంది మరియమ్మ. మా ముఖాలు చూసి విషయం అర్థం చేసుకున్నట్టుంది, గొంతు తగ్గించింది. "ఇది కూడా పోతే రోడ్డు మీద పోసుకోవాలమ్మా. లారీలు తొక్కేస్తయ్యి. చినుకు పడితే ఎత్తుకునే దారుండదు. బూజు పట్టిన కాయ ఎవరు కొంటారు?"

తిరిగొస్తుంటే కారులో ప్రసాద్ గారు అన్నారు. "మేడమ్, వాళ్ళ చేతిలో ఒక్క కాగితం లేదు. వాళ్ళతో మనకు మాటలేంటి?"

"కాగితం లేదు కాబట్టే మనం మాట్లాడాలండీ. ఉంటే వాళ్ళే కోర్టుకు వెళ్ళేవాళ్ళు."

"ప్రాజెక్టు చెయ్యి జారిపోతుంది మేడమ్" అన్నాను నేను. నాకు ఆ కళ్ళం మీద జాలి లేక కాదు, ఉద్యోగం మీద భయం. ఆవిడ నా వైపు చూసి, "జారిపోతే ఇంకోటి వెతుకుదాం. వెతకడమేగా మన పని" అన్నారు.

తర్వాతి మీటింగులో ఆవిడ కొత్త డ్రాయింగు పరిచారు. "బయటి గాలి లోపలికి లాగే పనిలేదు, కాబట్టి మిరప దుమ్ము భయం లేదు. యంత్రాలు దగ్గరగా సర్దుకోవచ్చు, కాబట్టి సబ్‌స్టేషన్ వైపు సగం చాలు. మిగతా సగం కళ్ళంగా వదిలెయ్యండి. ఆ మాట వాళ్ళకు రాసివ్వండి." చాలా వాదన జరిగింది. ఆవిడ గొంతు పెంచలేదు, కుర్చీలోంచి లేవలేదు. చివరికి, విస్తరణ అవసరం పడేదాకా వదులుతామని కంపెనీ ఒప్పుకుంది.

మెట్లు దిగుతూ అడిగాను. "ఇది శాశ్వతం కాదు కదా మేడమ్?"

"మన పనిలో శాశ్వతమైంది ఏదన్నా చూశావా నువ్వు? ఇంకో నిబంధన వచ్చేదాకా ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకళ్ళు మళ్ళీ వెళ్ళి నడవాలి."

ఆ విస్తరణ ప్రతిపాదన ఈ ఏడాది నా బల్ల మీదికే వచ్చింది. త్వరగా విస్తరిస్తే రాయితీలిస్తామని ప్రభుత్వం కొత్త విధానం. వచ్చే యంత్రాలు ఇంకా ఎక్కువ కరెంటు తినేవి. కళ్ళం ఖాళీ చేయిస్తే సరిపోతుందని కంపెనీ లెక్క. నేను కాయ కోతలయ్యేదాకా ఆగి వెళ్ళాను. మరియమ్మ బాగా ముసలిదైంది. కళ్ళు చికిలించి నన్ను ఆనవాలు పట్టి, "ఆ మేడమ్ గారు రాలేదేంటమ్మా?" అంది. పోయారని చెప్పాను. చేతిలోని కాయ కింద పెట్టి అడిగింది, "మరి ఇప్పుడు మా తరపున ఎవరు మాట్లాడతారు?"

చూస్తానమ్మా అని మాత్రం అన్నాను. కరుణమ్మ గారి దగ్గరున్న నిబ్బరం నాకెక్కడిది? అయినా మీటింగులో పక్కకు కాదు, పైకి కట్టమన్నాను. యంత్రాల బరువు అంతస్తులు మొయ్యవన్నారు. మోస్తాయని చెప్పగల ఇంజనీరును వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. వాళ్ళు విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను, చివరికి ఒప్పుకున్నారు.

ఈసారికి కళ్ళం మిగిలింది. ఏ హక్కూ లేని వాళ్ళ కోసం ఎన్నిసార్లు వాదించగలనో నాకు తెలియదు. భయం కూడా పోలేదు. కరుణమ్మ గారు ఉంటే మెచ్చుకునేవారని కూడా అనుకోను. ఇంకో కొత్త విధానం వస్తోందటగా, మళ్ళీ వెళ్ళి చూసిరా అనేవారు.

వెళ్తాను.